ఆట ముగిశాక చేతిలో మిగిలిన పుస్తకం

ఇంటర్వెల్ బెల్లు మోగిందంటే టూరింగ్ టాకీసు డేరాలో రెండు కేకలు పోటీ పడేవి. చెనక్కాయలు, మురుకులు, సోడా అమ్మే కుర్రాళ్లది ఒకటి. నేల నుంచి బెంచీకి, బెంచీ నుంచి కుర్చీకి తిరుగుతూ ‘పాటల పుస్తకం, పాటల పుస్తకం’ అని అరిచే మనిషిది రెండోది. అతని చేతిలో ఎనిమిదో పదహారో పేజీల పల్చటి పుస్తకాల కట్ట ఉండేది. అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల న్యూస్‌ప్రింటు. వెల మొదట్లో అణా, రెండణాలు. 1957లో నయాపైసలు వచ్చాక కొన్నాళ్లకు పావలా. పుత్తూరు, నగరి, పలమనేరు, పీలేరు, వాయల్పాడు వంటి ఊళ్లలో సినిమా చూస్తూ పెరిగిన రెండు మూడు తరాలకు ఈ పుస్తకం కూడా సినిమాలో భాగమే.

పుస్తకం తెరిస్తే వరస ఎప్పుడూ ఒకటే. మొదట నిర్మాణ సంస్థ పేరు, చిహ్నం. తర్వాత తారాగణం, ఏ పాత్ర ఎవరు వేశారో. ఆ వెనక సాంకేతిక నిపుణులు: దర్శకత్వం, ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం, కళ, కూర్పు, నృత్యం, స్టూడియో పేరు, ఫిల్ము కడిగిన లేబొరేటరీ పేరు. ఆపైన ఒకటి రెండు పేజీల కథాసంగ్రహం. కథ సరిగ్గా చిక్కుముడి పడే చోట ఆగిపోయి, మిగతాది వెండితెర మీద చూడమనేది. చివరన పాటలన్నీ పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా, రాసినవారి పేరుతో, తర్వాతి రోజుల్లో పాడినవారి పేర్లతో.

టీవీ కార్యక్రమాల అభిమానుల కోసం తెర వెనక కథలు చెప్పే పుస్తకాలు వేయడం ఇవాళ ప్రపంచమంతటా పెద్ద వ్యాపారం. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక ఇంకా ప్రసారమవుతుండగానే, 1968లో, దాన్ని ఎలా తీస్తున్నారో చెప్పే పుస్తకం మార్కెట్లోకి వచ్చింది. ఆ తరహా పుస్తకాలకు అదే ఒరవడి పెట్టిందని చెబుతారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ప్రేక్షకుడికి అలాంటి పుస్తకం అంతకు కనీసం పాతికేళ్ల ముందే చేతికొచ్చింది. చూసిన ఆటను ఇంటికి తీసుకుపోవాలన్న కోరికను తీర్చింది ఆ పల్చటి పుస్తకమే. ఆ కోరిక మాత్రం సినిమా కన్నా పాతది.

పగలు కథ, రాత్రి ఆట

చిత్తూరు జిల్లాలో ‘భారతం’ అంటే చదివే గ్రంథం మాత్రమే కాదు. ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి గుళ్లున్న ఊళ్లలో ఎండాకాలం ముందూ వెనకా పద్దెనిమిది రోజుల పాటు జరిగే మహాభారత యజ్ఞం పేరు అది. బకాసుర వధ నాడు బండెడు అన్నం ఊరేగుతుంది. అర్జునుడి తపస్సు నాడు ఎత్తైన తపస్సు మాను ఎక్కి వేషగాడు పద్యాలు పాడుతుంటే, సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో కింద సాగిలపడతారు. చివరి రోజు పొద్దున మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, సాయంత్రం అగ్నిగుండం. పద్దెనిమిది పర్వాలను పద్దెనిమిది రోజుల్లో ఊరు ఊరంతా కలిసి చూసే ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటులో జాగ్రత్తగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజు ఘట్టాన్ని మధ్యాహ్నం హరికథా భాగవతారు చెబుతారు. అదే ఘట్టాన్ని రాత్రి తెల్లవార్లూ వీధినాటకం వాళ్లు ఆడతారు. పగటి హరికథలో పాత్రల పూర్వకథలు, ధర్మసూక్ష్మాలు, కవి చేసిన మార్పులు, నడుమ పిట్టకథలు వస్తాయి. రాత్రి నాటకంలో వేషం, దరువు, పద్యం, చిందు వస్తాయి. మధ్యాహ్నం కథ విన్నవాడికి రాత్రి ఆటలో ప్రతి మలుపూ అర్థమవుతుంది. కీచకుడు రంగం మీదికి రాకముందే అతనెవరో, ఏం కానున్నాడో తెలిసి ఉంటుంది. ఆటకు తోడుగా వివరణ ఉండాలన్న పద్ధతి సినిమా రాకముందే ఈ నేల మీద అలవాటైందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తిరుపతి యాత్రికులకూ ఇలాంటి అలవాటే ఉంది. కొండకు వచ్చినవాళ్లు లడ్డూ ప్రసాదంతో పాటు వేంకటాచల మాహాత్మ్యం, సుప్రభాతం, గోవిందనామాల చిన్న పుస్తకాలు కొనుక్కుని ఊరికి పోతారు. ప్రతివాది భయంకరం అణ్ణంగరాచార్యులు పదిహేనో శతాబ్దంలో కూర్చిన సుప్రభాతం ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గొంతులో 1963లో రికార్డుగా వచ్చాక, ఆ చిన్న పుస్తకానికి కొత్త పని పడింది. వేకువన రేడియోలోనో గుడి మైకులోనో ఆ గొంతు వినబడుతుంటే, సంస్కృతం రానివాళ్లు కూడా తెలుగు లిపిలో అచ్చైన శ్లోకాల మీద వేలు పెట్టుకుని వెంట చదివారు. వినే మాటకు చూసే అక్షరం తోడు కావడం అంటే ఇదే.

రంగస్థలం నుంచి తెర మీదికి

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో పద్యనాటకం ఈ జిల్లా పట్టణాలను ఊపేసింది. చిత్తూరులోని రామవిలాస సభ అందులో ముందు నిలిచిన సంస్థ. 1904లో గుంటూరు సీమలోని రేపల్లెలో పుట్టిన వుప్పలదడియం నాగయ్య, చిత్తూరు చేరి ఆ సభ నాటకాల్లో పేరు తెచ్చుకుని, చివరికి ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకున్నారు. 1938లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’తో చిత్తూరు వి.నాగయ్య తెర మీదికి వచ్చారు. ‘పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ చిత్రాలతో 1940ల్లో దక్షిణ భారతమంతా ఆయన్ని కొలిచింది. చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఇవాళ్టికీ ఆయన పేరు మోస్తోంది.

నాగయ్య సినిమాలు పాటల పుస్తకాలకు ఎంత పని కల్పించాయో ఊహించవచ్చు. 1946లో వచ్చిన ‘త్యాగయ్య’నే తీసుకుంటే, అందులో నిండా త్యాగరాజ కీర్తనలు. సభలకు వెళ్లే ఆచారం గానీ, గురువు దగ్గర కూర్చునే వీలు గానీ లేని రైతుకు, నేతగాడికి, బడిపిల్లకు ఆ కీర్తనల సాహిత్యం మొదటిసారి చవగ్గా చేతికి అందింది టెంటు హాల్లో కొన్న పుస్తకంలోనే. గ్రామఫోను రికార్డు కొనగలిగే ఇళ్లు ఊరికి ఒకటో రెండో. పుస్తకం కొనలేని ఇల్లు మాత్రం అరుదు.

మద్రాసు దగ్గర కావడం ఈ ప్రాంతానికి కలిసొచ్చింది. తెలుగు సినిమా పెరిగిన కోడంబాకం, వడపళని స్టూడియోలకు తిరుపతి, చిత్తూరు పట్టణాలు కొద్ది గంటల ప్రయాణం. ఫిల్ము డబ్బాలు ఎక్కిన రైలులోనో బస్సులోనో పోస్టర్లూ పాటల పుస్తకాలూ వచ్చేవి. పుస్తకాలు అచ్చయ్యేది కూడా ఎక్కువగా మద్రాసు ప్రెస్సుల్లోనే. సినిమా వ్యాపారంలో రాయలసీమకు ‘సీడెడ్’ అని పేరు. ఆ సీడెడ్ ఏరియాకు మద్రాసు వైపు వాకిలి చిత్తూరు జిల్లా. తెలుగు సినిమా, తమిళ సినిమా పక్కపక్కనే ఆడిన సరిహద్దు ఊళ్లివి. 1960లో తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిశాక కూడా ఈ రాకపోకలు ఆగలేదు.

టూరింగ్ టాకీసుల పద్ధతి కూడా పుస్తకం అమ్మకానికి అనువుగా ఉండేది. చాలా డేరాల్లో ప్రొజెక్టరు ఒక్కటే. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, ఒక ఆటలో మూడు నాలుగు విరామాలు వచ్చేవి. ఆ కాస్త వెలుతురులో పుస్తకం తిరగేసి, వచ్చే పాట ఏదో చూసుకుని, తెర మీద అది రాగానే గొంతు కలిపేవాళ్లు. తొలి టాకీల్లో పాటలూ పద్యాలూ డజన్ల కొద్దీ ఉండేవి. గుర్తుపెట్టుకోవాలంటే అచ్చు కావాల్సిందే.

తెరకెక్కిన కొండ

తిరుపతి కథే తెరకెక్కినప్పుడు ఈ అనుబంధం ఇంకో మెట్టు ఎక్కింది. పి.పుల్లయ్య దర్శకత్వంలో 1939లో ‘శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యం’ వచ్చింది; ‘బాలాజీ’ అన్నది దాని మరో పేరు. సి.ఎస్.ఆర్.ఆంజనేయులు శ్రీనివాసుడు, శాంతకుమారి పద్మావతి. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1960 జనవరిలో, అదే పుల్లయ్య అదే కథను మళ్లీ తీశారు. ఈసారి ఎన్.టి.రామారావు శ్రీనివాసుడు, సావిత్రి పద్మావతి, శాంతకుమారి వకుళమాత. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. పాట పాడిన ఘంటసాల తానే తెర మీద కనిపించి స్వామి ముందు నిలబడి గానం చేశారు. ఒక నటి ఒకే దర్శకుడి చేతిలో ఒకే పురాణకథలో మొదట కూతురి వయసు పాత్రనూ, తర్వాత తల్లి పాత్రనూ వేసిందన్న సంగతి, ఆ రెండు సినిమాల తారాగణం జాబితాలు పక్కపక్కన పెట్టి చూసేవారికి తేలిగ్గా కనబడుతుంది.

1960 నాటి సినిమా ఆడిన హాళ్లలో వేంకటేశ్వరుడి విగ్రహం పెట్టి, హుండీ కూడా పెట్టారు. ప్రేక్షకులు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లారు. అలాంటి చోట కొన్న పాటల పుస్తకం సినిమా పుస్తకంగా ఉండిపోదు. అందులోని స్తోత్రాలు భజన గోష్ఠుల్లోకి నడిచిపోతాయి. రాయలసీమ చెక్కభజన బృందాలకూ కోలాటం గురువులకూ సినిమా వరసలు ఎన్నడూ అంటరానివి కావు. నచ్చిన బాణీని తీసుకుని దేవుడి మాటలు కట్టుకున్నారు. నచ్చిన సాహిత్యాన్ని ఉన్నదున్నట్టు పాడుకున్నారు. పాటల పుస్తకం నుంచి భజన గురువు నోటుబుక్కులోకి, అక్కడి నుంచి శిష్యుల నోటికి పాట చేరింది.

రేడియో వచ్చాక పుస్తకం విలువ పెరిగిందే గానీ తగ్గలేదు. మద్రాసు ఆకాశవాణి 1938లో మొదలైంది, విజయవాడ కేంద్రం 1948లో. 1950ల తొలి సగంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. దాంతో శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. సముద్రం దాటి వచ్చే ఆ గొంతుకు ఒడిలో తెరిచిన పుస్తకం తోడు. 1957లో వివిధభారతి రావడంతో సినిమా పాట మళ్లీ మన కేంద్రాల్లో వినబడింది. ప్రకటనలో రచయిత, గాయకుల పేర్లు చెబుతుంటే, పుస్తకంలో ఉన్న పేరుతో సరిచూసుకునే శ్రోతలు తయారయ్యారు. తెలుగు సినిమా సంగీతానికి తొలి చరిత్రకారులు ఆ శ్రోతలే.

వెండితెర నవల

పాటల పుస్తకం ఇచ్చేది సగం కథే. పూర్తి కథ కావాలన్న పాఠకుడికి 1950లు, 60ల్లో ‘వెండితెర నవల’ దొరికింది. సినిమాలోని కథను, సంభాషణలను, స్టిల్సు జోడించి చదువుకునేట్టు వచనంలో చెప్పే పుస్తకం అది. ఆంధ్రపత్రిక వారపత్రికలో సినిమా పేజీలు రాస్తూ వచ్చిన ముళ్లపూడి వెంకటరమణ ఈ పనికి సాహిత్య గౌరవం తెచ్చారు. తెర మీద చూసిన దృశ్యాన్ని మాటల్లో మళ్లీ చూపించడంలో ఆయన చేసిన సాధన తర్వాత సొంత చిత్రకథలు రాయడానికి పనికొచ్చింది. బాపుతో కలిసి ఆయన తీసిన ‘సాక్షి’ 1967లో వచ్చింది.

పత్రికల్లో ఈ దారిని వెడల్పు చేసినవారిలో రాయలసీమ మనిషి ఉన్నారు. కడప జిల్లా పొట్టిపాడుకు చెందిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి ‘చందమామ’ను 1947 జూలైలో మొదలుపెట్టారు. విజయా సంస్థ నిర్మాతగా ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ ఇచ్చారు. 1966లో ‘విజయచిత్ర’ మాసపత్రిక తెచ్చారు. రావి కొండలరావు ఆ పత్రికను నడిపిన సంపాదకవర్గంలో ముఖ్యులు. మంచి కాగితం, రంగుల బొమ్మలు, తారల గురించి గాసిప్పులు లేని రాతలు, షూటింగు విశేషాలు, వెండితెర నవలలు. స్టూడియో యజమాని తానే పత్రిక యజమాని కూడా కావడంతో తెర వెనక ఏం జరుగుతుందో చెప్పే సమాచారం నేరుగా వచ్చింది. ఇదే నాగిరెడ్డి 1980ల మొదట్లో తిరుమల తిరుపతి దేవస్థానం ధర్మకర్తల మండలి అధ్యక్షులయ్యారు. భక్తులు గంటల కొద్దీ నిలబడే క్యూలకు నీడ కల్పించిన వైకుంఠం క్యూ కాంప్లెక్సు ఆయన హయాం నాటిది.

ఈ నవలల అవసరం ఎంత గట్టిదో తెలియాలంటే ఇంగ్లండు వైపు చూడాలి. అక్కడ బీబీసీ ‘డాక్టర్ హూ’ అనే ధారావాహికను 1963లో మొదలుపెట్టింది. టేపులు ఖరీదైనవి కావడంతో పాత భాగాలను చెరిపేశారు. తొంభైకి పైగా భాగాలు దొరకకుండా పోయాయి. ఆ కథలను చవక నవలలుగా వేయడం 1970ల్లో ఊపందుకుంది. వీడియో క్యాసెట్లు లేని రోజుల్లో ఒక తరం పిల్లలకు ఆ భాగాలు తెలిసింది ఆ నవలల ద్వారానే. మన దగ్గరా పరిస్థితి అదే. ఊరొదిలి వెళ్లిపోయిన సినిమా మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. వెండితెర నవల ఒక్కటే దాన్ని మళ్లీ చూసుకునే మార్గం.

క్యాసెట్టు, టీవీ

1980ల్లో క్యాసెట్టు వచ్చింది. పాటల పుస్తకానికి పోటీ మొదలైంది. ‘దానవీరశూరకర్ణ’ వంటి సినిమాల మాటలే క్యాసెట్లుగా మారి, హోటళ్లలోనూ పెళ్లి పందిళ్లలోనూ మోగాయి. క్యాసెట్టు డబ్బాలో మడత పెట్టిన చిన్న కాగితంలోకి పాటల పుస్తకం కుంచించుకుపోయింది: పాట మొదటి మాటలు, పాడినవారి పేర్లు, అంతే. సాహిత్యం మొత్తం వేసేంత చోటు అందులో అరుదుగా దొరికేది. 1990లు ముగిసేసరికి హాలు ముందు పాటల పుస్తకం అమ్మే మనిషి దాదాపు మాయమయ్యాడు.

అదే సమయంలో టీవీ ఆ పనిలో కొంత నెత్తికెత్తుకుంది. ఈటీవీ 1995 ఆగస్టులో మొదలైతే, మరుసటి ఏడాది ‘పాడుతా తీయగా’ వచ్చింది. పిల్లలు, యువకులు పాత పాటలు పాడే పోటీ అది. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం ఒక్కో పాటకు ముందో వెనకో ఆ పాట రాసింది ఎవరు, బాణీ కట్టింది ఎవరు, ఏ సందర్భంలో, రికార్డింగునాడు ఏం జరిగింది అని చెప్పేవారు. పాటల పుస్తకంలో ఉండే వివరమంతా, దానికి పదింతలు కలిపి, ఆయన నోటి వెంట వచ్చేది. హరికథా విద్వాంసుడు సాంబమూర్తి కొడుకు ఆయన. చిన్న చదువు నగరిలో, హైస్కూలు శ్రీకాళహస్తిలో, పి.యు.సి. తిరుపతిలో. పగలు కథ చెప్పి రాత్రి ఆట చూపించే సీమలో పెరిగిన మనిషి, పాటనూ దాని కథనూ విడదీయకుండా చెప్పడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు టీవీ సీరియల్‌కు మాత్రం తోడు పుస్తకం అచ్చిరాలేదు. కారణం వెతకడం కష్టం కాదు. సినిమా కథకు ముగింపు ఉంటుంది. వందల భాగాలు సాగే దినసరి సీరియల్ కథ వారం వారం ప్రేక్షకుల స్పందన చూసుకుని మారుతుంది. అచ్చు వేయడానికి ఎక్కడ ఆగాలో తెలియదు. పైగా తెలుగులో దారి ఎక్కువగా అటునుంచి ఇటు నడిచింది. వారపత్రికల్లో ముందు నవల రావడం, తర్వాత అది సినిమాగానో సీరియల్‌గానో మారడం మనకు పరిపాటి. పాఠకుడి చేతిలో నవల ఉండగా మరో పుస్తకం అక్కర్లేకపోయింది.

భక్తి కార్యక్రమాల సంగతి వేరు. కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో 1997లో ‘అన్నమయ్య’ వచ్చాక, తాళ్లపాక కవి పేరు అంతకుముందు వినని ఇళ్లలోనూ వినబడింది. ఆ కీర్తనలు దొరికిన కథ తిరుమలదే: గుడిలోని సంకీర్తన భాండాగారంలో రాగిరేకుల మీద శతాబ్దాల పాటు ఉండి, 1920ల్లో వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించారు. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టి పాడించింది, ప్రచురించింది. సినిమా చూసి వచ్చిన శ్రోత చేయి చాచితే అందుకునేందుకు సంకీర్తనల సంపుటాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

2008 జూలైలో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ ప్రసారాలు మొదలయ్యాయి. కరోనా కాలంలో, 2020 జూన్ నుంచి, తిరుమల నాదనీరాజన వేదిక మీద సుందరకాండ పారాయణాన్ని ఆ ఛానల్ రోజూ ప్రత్యక్షంగా చూపింది. అరవై ఎనిమిది సర్గలు పూర్తి కావడానికి ఏడాదికి పైగా పట్టింది. గుడికి వెళ్లలేని వేలాది మంది ఇంట్లో టీవీ ముందు సుందరకాండ పుస్తకం తెరిచి పెట్టుకుని పండితుల వెంట శ్లోకాలు పలికారు. టీవీ కార్యక్రమానికి తోడు పుస్తకం అన్న మాటకు తెలుగు దేశంలో ఇంతకు మించిన ఉదాహరణ కనబడదు.

తెర వెనక పుస్తకాలు

తెలుగులోనూ తెర వెనక కథల పుస్తకాలు బాగానే వస్తున్నాయి. సి.నారాయణరెడ్డి తన పాటల పూర్వాపరాలను ‘పాటలో ఏముంది నా మాటలో ఏముంది’లో చెప్పారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి ‘సిరివెన్నెల తరంగాలు’ అదే కోవలోది. ముళ్లపూడి వెంకటరమణ ‘కోతి కొమ్మచ్చి’లో తన బతుకుతో పాటు తాము తీసిన సినిమాల పుట్టుకా చెప్పుకొచ్చారు. రావి కొండలరావు ‘మాయాబజార్’ను చదువుకునే నవలగా మలిచారు. పులగం చిన్నారాయణ జంధ్యాల చిత్రాల మీద ‘జంధ్యామారుతం’, ‘మాయాబజార్’ మీద ‘మాయాబజార్ మధుర స్మృతులు’ రాశారు. 1957 నాటి ఆ సినిమాకు తెర మీద సంగీత దర్శకుడిగా ఘంటసాల పేరే ఉన్నా, నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువన్న సంగతి ఇవాళ సామాన్య ప్రేక్షకుడికీ తెలుసు. ఇలాంటి సంగతులు జనంలోకి వచ్చింది సినీచరిత్ర రాసినవాళ్ల శ్రమ వల్లే. నంది అవార్డుల్లో తెలుగు సినిమా మీద వచ్చిన ఉత్తమ పుస్తకానికి ఇచ్చిన పురస్కారం ఆ శ్రమకు దక్కిన గుర్తింపు.

‘బాహుబలి’ మొదటి భాగం పాటల వేడుక 2015 జూన్‌లో తిరుపతిలో జరిగింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఆవరణ జనంతో నిండిపోయింది. తర్వాత ఆ కథకు ముందు జరిగిన కథను ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో మూడు నవలలుగా రాశారు. మొదటిది 2017లో వచ్చింది. అదే ఏడాది బొమ్మల ధారావాహిక కూడా వచ్చింది. తెర మీద పుట్టిన కథ పుస్తకంగా విస్తరించడంలో తెలుగు సినిమా ప్రపంచ పద్ధతిని అందుకుంది. అయితే ఆ పుస్తకాల వెల కొన్ని వందల రూపాయలు. నేల టికెట్టు కొన్నవాడు కూడా కొనగలిగే పుస్తకం మాత్రం మళ్లీ రాలేదు.

పాత కాగితం చెప్పే సాక్ష్యం

పాటల పుస్తకాలను చిత్తుకాగితాలని తీసిపారేసే రోజులు పోవాలి. తెలుగు సినిమా తొలి దశాబ్దాల చిత్రాల్లో చాలావాటి ప్రింట్లు ఇవాళ లేవు. అప్పటి నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా మండిపోయేది, మండకపోతే పొడిగా రాలిపోయేది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే దొరకదు. ఆ సినిమా 1931 సెప్టెంబరులో విడుదలైందని చాలా ఏళ్లు అందరూ రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, నాటి పత్రికల ప్రకటనలు తవ్వితీసి, అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని నిలబెట్టారు. ఫిల్ము లేనిచోట కాగితమే సాక్ష్యం.

పాటల పుస్తకం ఆ సాక్ష్యాల్లో మొదటి వరసలోది. సినిమా విడుదలకు ముందే అచ్చుకు వెళ్లేది కాబట్టి, తర్వాత నిడివి కోసం కత్తిరించిన పాటలు కూడా అందులో మిగిలిపోయాయి. తెర మీద పేరు పడని రచయిత ఒక్కోసారి అక్కడ కనబడతాడు. ఏ స్టూడియోలో తీశారు, ఎవరు పంపిణీ చేశారు, ఏ ప్రెస్సులో అచ్చయింది అన్నవి ఆ రోజుల వ్యాపార చరిత్రకు ఆధారాలు. కథాసంగ్రహం ఒక్కటి దొరికినా, పోయిన సినిమా దేని గురించో తెలుస్తుంది. పూణేలో 1964లో నెలకొన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఫిల్ములతో పాటు పోస్టర్లనూ పాటల పుస్తకాలనూ సేకరించి పెట్టడానికి కారణం ఇదే.

అయితే పూణేకు చేరినవి కొన్నే. మిగిలినవి మదనపల్లె మిద్దెల మీద ట్రంకు పెట్టెల్లో, చిత్తూరు ఇళ్ల అటకల మీద, భజన గురువుల సంచుల్లో, శ్రీకాళహస్తి పాత పుస్తకాల కొట్లలో ఉన్నాయి. న్యూస్‌ప్రింటులో ఆమ్లం ఎక్కువ. ఏటేటా పసుపు తిరిగి, ముట్టుకుంటే విరుగుతుంది. ఇంట్లో పాత పాటల పుస్తకమో వెండితెర నవలో ఉన్నవారు దాన్ని తూకానికి వేయకండి. ఎండ, చెమ్మ తగలని చోట పరిచి పెట్టండి, పిన్నులు తుప్పు పట్టి ఉంటే నెమ్మదిగా తీసేయండి, అట్ట నుంచి అట్ట దాకా ప్రతి పేజీ ఫొటో తీసి ఉంచండి. ఎవరు ఎక్కడ ఏ సినిమాకు కొన్నదో ఇంటి పెద్దలు ఉండగానే అడిగి రాసి పెట్టండి. ఈ సీమలోని విశ్వవిద్యాలయాలు, జిల్లా గ్రంథాలయాలు ఆ పుస్తకాలకు ఒక అలమర కేటాయించి, తెచ్చినవారి పేరు రాసి, స్కాన్ చేసి భద్రపరచాలి. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.